నడికట్టు సీమ మ్యాపు: సరిహద్దులు ఎక్కడ గీయాలి?

#1 దారితప్పిన_ఉల్క
అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీలో 2400 నాటికి జనం స్థిరపడ్డారని ఊహించి ఒక సీరియల్ నడుపుతున్నా. ఆ ప్రాంతం పేరు నడికట్టు సీమ. నాలుగు రాష్ట్రాలు. సెరెస్ రాజధాని. తూర్పున వెస్టా, పడమర హైజియా. పల్లాస్ సెరెస్‌కు పక్కనే, ఎందుకంటే రెండూ సూర్యుడికి 2.77 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలోనే ఉన్నాయి కదా. సూర్యుడి చుట్టూ ఉన్న వలయాన్ని నాలుగు ముక్కలు చేసి సరిహద్దులు గీశాను. సెరెస్ నుంచి వెస్టాకు సరుకు ఓడ 20 రోజులు, పల్లాస్‌కు 5 రోజులు.

మూడో అధ్యాయం కింద ఒక పాఠకుడు "వచ్చే ఏడాదికి మీ తూర్పు రాష్ట్రం తూర్పున ఉండదు" అని ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయాడు. వివరం చెప్పలేదు. ఈ మ్యాపు నిలబడుతుందా, చింపెయ్యాలా? నీళ్ళు, నివాసాలు, కబుర్లు పంపడం గురించి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి. మరీ మేజిక్ యంత్రాలు లేకుండా నడపాలని కోరిక.

#2 కక్ష్యామూర్తి
నిలబడదు. పాఠకుడు చెప్పింది నిజమే. కాకపోతే ఒక ఏడాదిలో కాదు, కొన్నేళ్ళలో.

సూర్యుడికి దగ్గరున్నది వేగంగా తిరుగుతుంది, దూరంగా ఉన్నది నిదానంగా. వెస్టా 2.36 ఏయూ, చుట్టు పూర్తవడానికి 3.63 ఏళ్ళు. సెరెస్ 2.77 ఏయూ, 4.60 ఏళ్ళు. హైజియా 3.14 ఏయూ, 5.57 ఏళ్ళు. అంటే వెస్టా ఏడాదికి దాదాపు 21 డిగ్రీల చొప్పున సెరెస్‌ను దాటి ముందుకు పోతుంది. నాలుగేళ్ళు దాటేసరికి మీ వలయంలో పావు భాగం జరిగిపోయినట్టే. ఎనిమిదిన్నర ఏళ్ళకు సూర్యుడికి అవతలి వైపు ఉంటుంది. మళ్ళీ సెరెస్ పక్కకు రావడానికి 17 ఏళ్ళు. సెరెస్, హైజియాలకైతే అదే లెక్క 26 ఏళ్ళు.

కాబట్టి తూర్పు, పడమర అన్న మాటలు తీసెయ్యండి. పట్టీలో దిక్కులు మూడే: సూర్యుడి వైపు, బయటి వైపు, కక్ష్యలో ముందు-వెనక. ఆ మూడోది ఎవరికీ స్థిరంగా ఉండదు.

#3 పాలపుంత77
అంటే పక్కింటివాడు 17 ఏళ్ళకోసారి పక్కింటివాడు అవుతాడన్నమాట. గోడ తగాదాలకు భలే ఉంటుంది, వాయిదా కూడా 17 ఏళ్ళకే.

#4 చుక్కలలెక్క
వెస్టా సంగతి సరే, అసలు గుండెకాయ లాంటి తప్పు పల్లాస్ దగ్గరుంది. సగటు దూరం ఒకటే అయినంత మాత్రాన పక్కన ఉన్నట్టు కాదు. పల్లాస్ కక్ష్య భూకక్ష్యాతలానికి దాదాపు 35 డిగ్రీలు వాలి ఉంటుంది. సెరెస్ వాలు 10.6. ఆ రెండు తలాలు వాలిన దిక్కులు వేరు కాబట్టి ఒకదానికొకటి చేసే కోణం దాదాపు 37 డిగ్రీలు. సెరెస్ దగ్గర కక్ష్యా వేగం సెకనుకు 17.9 కి.మీ. ఓడ కక్ష్యాతలాన్ని 37 డిగ్రీలు తిప్పాలంటే 2 × 17.9 × సైన్(18.35°), అంటే సెకనుకు 11 కి.మీ. పైచిలుకు.

సెరెస్ నుంచి వెస్టాకు ఎంతవుతుందో పోల్చండి. వృత్తాకార కక్ష్యలనుకుంటే బయల్దేరేటప్పుడు 0.73, చేరేటప్పుడు 0.76, మొత్తం సెకనుకు 1.5 కి.మీ. తలాల మధ్య తేడా 5 డిగ్రీలే. దాన్ని రెండో బర్న్‌తో (చేరేటప్పుడు ఇంజన్ వెలిగించడంతో) కలిపి చేస్తే మొత్తం 2.6 దగ్గర తేలుతుంది.

మీ సీమలో అందరికన్నా దూరపు ఊరు పల్లాసే. 5 రోజుల ప్రయాణం కొట్టెయ్యండి.

#5 దారితప్పిన_ఉల్క
చుక్కలలెక్క గారూ, రెండు తలాలు ఎక్కడో ఒకచోట ఒకదాన్నొకటి కోస్తాయి కదా. ఆ కూడలి దగ్గర సరుకు అందించుకుంటే?

#6 చుక్కలలెక్క
కోస్తాయి, చుట్టుకు రెండుసార్లు. ఇద్దరూ ఒకే సమయానికి అక్కడికి రావాలి, అది అరుదు. వచ్చినా పల్లాస్ మీ ముందునుంచి సెకనుకు 11 కి.మీ. వేగంతో దూసుకుపోతుంది. కెమెరా పెట్టి ఫొటోలు తీసుకోవచ్చు. సరుకు మాత్రం అందించలేరు.

#7 రాతిగుండు
అందించవచ్చు. దాన్ని బాంబు అంటారు. కిలో సరుకు 11 కి.మీ./సె. దగ్గర 60 మెగాజౌళ్ళు, కిలో టీఎన్‌టీకి పద్నాలుగు రెట్లు.

#8 ఇంధనపుచింత
#4కు కొనసాగింపుగా, ఆ అంకెలు ఓడ బరువులో ఏమవుతాయో చూద్దాం. హైడ్రోజన్-ఆక్సిజన్ ఇంజన్ ఎగ్జాస్ట్ (వెనక్కి చిమ్మే వాయువు) వేగం 4.4 కి.మీ./సె. అనుకోండి. సెరెస్ నుంచి బయటపడడంతో సహా వెస్టా ప్రయాణానికి 3 కి.మీ./సె. పెట్టుకుంటే, బయల్దేరేటప్పటి బరువు ఖాళీ బరువుకు రెండింతలు ఉంటే చాలు. అదే ఇంజన్‌తో పల్లాస్‌కు 13 రెట్లు కావాలి. 100 టన్నుల ఓడకు 1,200 టన్నుల ఇంధనం. అది సరుకు ఓడ కాదు, ఇంజన్ తగిలించిన ట్యాంకు.

విద్యుత్తుతో కణాలను చిమ్మే అయాన్ ఇంజన్‌తో 30 కి.మీ./సె. ఎగ్జాస్ట్ వస్తే పల్లాస్‌కు కూడా 1.46 రెట్లే. కానీ నెట్టుడు బలం స్వల్పం. నాసా వారి డాన్ నౌక నమూనాగా పెట్టుకోండి: గరిష్ఠంగా 90 మిల్లీన్యూటన్లు, ట్యాంకులో 425 కిలోల జినాన్, దానితో సాధించిన మొత్తం వేగ మార్పు 11 కి.మీ./సె. పైనే. 2012 సెప్టెంబరులో వెస్టాను వదిలి 2015 మార్చిలో సెరెస్ చేరింది. రెండున్నరేళ్ళు. మీ 20 రోజులు ఎక్కడ, ఇది ఎక్కడ.

#9 తోకచుక్క
కథ జరిగేది 2400లో. అప్పటికి ఫ్యూజన్ ఇంజన్లు ఉంటాయి. డెల్టా-వీ (ప్రయాణానికి కావలసిన వేగ మార్పు) పట్టికలన్నీ మ్యూజియంలో ఉంటాయి. ఎటు కావాలంటే అటు గురిపెట్టి వెళ్ళిపోతారు. మ్యాపు అలాగే ఉంచండి ఉల్కా.

#10 ఇంధనపుచింత
ఉంచాలంటే ఆ ఇంజన్ ధర కూడా కథలో చెల్లించాలి. లెక్క ఇదిగో.

వెయ్యి టన్నుల ఓడ, భూమ్యాకర్షణలో నూరో వంతు త్వరణం, సగం దూరం తొయ్యడం, సగం దూరం ఆపడం. 1 ఏయూ దాటడానికి 28-29 రోజులు. మధ్యలో వేగం సెకనుకు 121 కి.మీ. మొత్తం డెల్టా-వీ 240. ఎగ్జాస్ట్ 500 కి.మీ./సె. అనుకుంటే జెట్ శక్తి 24-25 గిగావాట్లు. అందులో పదో వంతు వేడిగా ఓడలోకి వచ్చినా 2.5 గిగావాట్లు. శూన్యంలో వేడి పోవడానికి వికిరణం (కిరణాలుగా వెలువడడం) తప్ప దారి లేదు. రేడియేటర్లు 1,000 కెల్విన్ దగ్గర ఎర్రగా కాగుతూ రెండు వైపులా వెలిగినా చదరపు మీటరుకు దాదాపు 100 కిలోవాట్లు. అంటే 24,000 చదరపు మీటర్లు, ఆరు ఎకరాల రెక్కలు. ఒక్క రేడియేటర్ పైపు చిల్లు పడితే ఇంజన్ తగ్గించాలి, తగ్గిస్తే గమ్యం దగ్గర ఆగలేరు.

ఇంకోటి. ఆ ఓడ వెనకభాగం ఏ ఊరివైపు తిరిగినా అది ఆయుధమే. రేవుకు వెయ్యి కి.మీ. లోపల పెద్ద ఇంజన్ వెలిగించకూడదన్న చట్టం తప్పనిసరి. ఆఖరి దూరం నీటి ఆవిరి టగ్గులతో లాగాలి.

#11 తోకచుక్క
ఆరు ఎకరాలు ఒప్పుకుంటా. చెడ్డ బొమ్మేం కాదు. కానీ అంత ఓడ ఉంటే #2 అడ్డంకి పోయినట్టేగా?

#12 కక్ష్యామూర్తి
ధనికులకు, సైన్యానికి, డాక్టర్లకు పోతుంది. ఇనుము, మంచు, ధాన్యం మోసేవాళ్ళకు పోదు. అసలు తమాషా చవక ప్రయాణంలోనే ఉంది.

వెస్టా నుంచి సెరెస్‌కు అతి తక్కువ ఇంధనపు దారి అర్ధ దీర్ఘవృత్తం. 2.05 ఏళ్ళు పడుతుంది. ఆ కాలంలో సెరెస్ 160 డిగ్రీలు కదులుతుంది కాబట్టి మీరు బయల్దేరేటప్పుడు అది మీకన్నా 20 డిగ్రీలు ముందుండాలి. చేరేసరికి వెస్టా మీకన్నా 23 డిగ్రీలు ముందుకు పోయి ఉంటుంది. తిరుగు ప్రయాణానికేమో అది 23 డిగ్రీలు వెనక ఉండాలి. ఏడాదికి 21 డిగ్రీల తేడాతో వెస్టా దాదాపు పూర్తి చుట్టు వచ్చేదాకా ఆగాలి. ఎంతో తెలుసా, 15 ఏళ్ళు.

పోవడానికి రెండు, ఆగడానికి పదిహేను, రావడానికి రెండు. మొత్తం 19. నిజం కక్ష్యలు కాస్త కోలగా, వాలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో విడత కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది. డెల్టా-వీ రెట్టింపు పెట్టుకుంటే కిటికీ (బయల్దేరడానికి అనువైన కాలం) వెడల్పవుతుంది, ఆగే కాలం తగ్గుతుంది. కానీ ఎంత తగ్గాలంటే అంత ఖర్చు. ఈ బేరమే మీ సీమ ఆర్థికశాస్త్రం.

#13 పాలపుంత77
సరుకు పట్టుకెళ్ళినవాడు కొడుకు పెళ్ళికి వస్తాడు. కొడుకు వెళ్ళేది ఎదురు కిటికీలో కాబట్టి పెళ్ళికొడుకు ఉండడు.

#14 దారితప్పిన_ఉల్క
#12 ఒక్కటి చాలు నాకు రెండు అధ్యాయాలకు. కానీ రాష్ట్రాలు, సరిహద్దులు, పన్నులు, ఎన్నికలు ఉన్న ప్రాంతం కావాలి. ఎవరు ఎవరికి పక్కన ఉంటారో తెలియకపోతే ప్రాంతం అనేదే ఉండదు కదా?

#15 గ్రీకుశిబిరం
పట్టీని వదిలెయ్యండి. గురుడి కక్ష్యలోనే తిరిగే గ్రహశకలాలు, ట్రోజన్లకు మారండి. గురుడికి 60 డిగ్రీలు ముందొక గుంపు, వెనకొక గుంపు, 11.86 ఏళ్ళకొక చుట్టు, గుంపు చెదరదు. లూసీ నౌక 2021లో బయల్దేరింది అక్కడికే. రెండు రాష్ట్రాలు, మధ్యలో తొమ్మిది ఏయూల ఖాళీ. సరిహద్దు తగాదానే లేదు.

#16 చుక్కలలెక్క
చెదరదు నిజమే, కానీ గుంపు లోపల ఒక్కో రాయి వాలు ఒక్కో రకం, కొన్నిటికి 30 డిగ్రీలు దాటుతుంది. పల్లాస్ సమస్య మళ్ళీ మొదటికి. పైగా ఎండ చదరపు మీటరుకు 50 వాట్లు. సెరెస్ దగ్గర 177, వెస్టా దగ్గర 244. సౌర పలకలతో బతికే జనం ట్రోజన్లకు పోరు, రియాక్టర్లు ఉన్నవాళ్ళే పోతారు.

#17 కక్ష్యామూర్తి
#14కు జవాబు పట్టీలోనే ఉంది. పొరుగు అంటే దగ్గరగా ఉన్నవాడు కాదు, ఒకే రకం కక్ష్యలో ఉన్నవాడు.

1918లో జపాన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు హిరయామ గమనించింది ఇదే. కొన్ని గ్రహశకలాల సగటు దూరం, వాలు, కోలతనం మూడూ దాదాపు ఒకటిగా ఉంటాయి. అవి ఒకే పెద్ద రాయి పగిలితే వచ్చిన ముక్కలు. వాటిని కుటుంబాలంటారు. మీకు పనికొచ్చేది కొరోనిస్ కుటుంబం: 2.87 ఏయూ దగ్గర, వాలు 2 డిగ్రీలు, కక్ష్యలు దాదాపు గుండ్రం. గెలీలియో నౌక 1993లో ఫొటో తీసిన ఐడా, దాని బుల్లి చందమామ డాక్టిల్ ఈ కుటుంబమే.

ఇందులో ఒకటి 2.86, ఇంకొకటి 2.87 ఏయూ అనుకోండి. ఒకదాన్నొకటి చుట్టు దాటడానికి 900 ఏళ్ళు దాటుతుంది. అలాగని కదలరని కాదు, ఏడాదికి 29 లక్షల కి.మీ. జరుగుతూనే ఉంటారు. ఒక తరం పాటు పొరుగు, మనవళ్ళ నాటికి దూరపు బంధువు. వాళ్ళ మధ్య వేగం తేడా సెకనుకు కొన్ని వందల మీటర్లు మాత్రమే కావచ్చు. ఇక్కడ మీరు కోరుకున్న నెలల ప్రయాణాలు నమ్మించగలరు.

#18 రాతిగుండు
ఒక హెచ్చరిక. సినిమాల్లోలా రాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ నడపడం పెట్టొద్దు. కిలోమీటరు పైబడిన రాళ్ళ మధ్య సగటు దూరం పది లక్షల కి.మీ. మాట. పక్క ఊరు కంటికి చుక్కలా కనిపిస్తే గొప్ప.

#19 మ్యాపులపిచ్చి
ఇప్పుడు మ్యాపు సంగతి. దారితప్పిన_ఉల్క గారూ, మీ వలయం చింపెయ్యండి, గ్రాఫ్ కాగితం తీసుకోండి.

అడ్డంగా సూర్యుడి నుంచి సగటు దూరం, 2.0 నుంచి 3.4 ఏయూ దాకా. నిలువుగా కక్ష్య వాలు, 0 నుంచి 36 డిగ్రీలు. ప్రతి గ్రహశకలం ఒక చుక్క. కోలతనం రంగులో చూపించండి: గుండ్రటివి నీలం, కోలవి ఎరుపు. వెస్టా (2.36, 7). సెరెస్ (2.77, 10.6). పల్లాస్ (2.77, 35), పైన ఒంటరిగా తేలుతుంది, చూడగానే ఎంత దూరమో తెలిసిపోతుంది. సైకీ (2.92, 3). హైజియా (3.14, 4). కుటుంబాలు ఊళ్ళలా గుంపులు కడతాయి.

ఈ కాగితం మీద రెండు చుక్కల మధ్య దూరం చూస్తే ప్రయాణపు ఖర్చు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అది కథ నడిచినన్నాళ్ళూ మారదు. ఈ రోజు ఎవరు ఎక్కడ ఉన్నారన్నది వేరే పేజీలో తేదీల పట్టికగా పెట్టండి.

సరిహద్దులు కూడా మీరు గీయక్కర్లేదు, గురుడు గీసిపెట్టాడు. 1866లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు కిర్క్‌వుడ్ చూపించిన ఖాళీలు: 2.5 ఏయూ, 2.82, 2.96, 3.28. అక్కడ తిరిగే రాయి కాలం గురుడి కాలంతో చిన్న అంకెల నిష్పత్తిలో ఉంటుంది. 2.5 దగ్గర గురుడు ఒక చుట్టు తిరిగేలోగా రాయి మూడు చుట్లు. లాగుడు ప్రతిసారీ ఒకే చోట పడి కక్ష్య కోలగా సాగుతుంది, చివరికి అక్కడ ఏదీ మిగలదు. నాలుగు రాష్ట్రాలు దొరికాయి చూడండి:

లోపలిది 2.5 లోపు, వెస్టా రాజధాని. నడిమిది 2.5 నుంచి 2.82, సెరెస్, పేరుకు పల్లాస్ కూడా. సన్నది 2.82 నుంచి 2.96, కొరోనిస్ ఊళ్ళు, సైకీ. బయటిది 2.96 నుంచి 3.28, హైజియా, థెమిస్ కుటుంబం.

#20 తోకచుక్క
ఓహో, అయితే ఆ ఖాళీలు దాటేటప్పుడు ఓడలకు ప్రమాదమా? అక్కడ ఒక భయంకరమైన అధ్యాయం పెట్టొచ్చు.

#21 మ్యాపులపిచ్చి
ఏ ప్రమాదమూ లేదు. ఆ లాగుడు ఫలితం చూపడానికి వేల, లక్షల ఏళ్ళు కావాలి. ఓడ రెండేళ్ళలో దాటేస్తుంది.

#22 చుక్కలలెక్క
#19 బాగుంది కానీ ఒక మెలిక. ఖాళీలు గ్రాఫ్‌లోనే కనిపిస్తాయి, ఆకాశంలో కాదు. సెరెస్‌నే చూడండి, సగటు 2.77 అయినా కోలతనం వల్ల 2.55 నుంచి 2.98 ఏయూ దాకా ఊగుతుంది. అంటే చుట్టులో కొంతకాలం 2.82 గీతకు, 2.96 గీతకు కూడా అవతల ఉంటుంది. ఏ క్షణాన ఫొటో తీసినా పట్టీ అంతా కలిసిపోయే ఉంటుంది. నడిమి రాష్ట్రం రాజధాని అప్పుడప్పుడు సన్న రాష్ట్రం ఆకాశంలో తిరుగుతుంటుంది.

కాబట్టి చట్టంలో "ఎక్కడ ఉంది" అని రాయకూడదు, "ఏ సగటు దూరపు కక్ష్యలో నమోదైంది" అని రాయాలి. ఓడలకైతే నమోదైన రేవే ఆధారం.

#23 పాలపుంత77
రాజధాని విదేశాలకు తిరిగొచ్చిన ప్రతిసారీ భత్యం ఎవరిస్తారు?

#24 నీటిబొట్టు
మొదటి పోస్టులో నీళ్ళు అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు.

సెరెస్ ద్రవ్యరాశిలో పావువంతుకు అటూఇటూగా నీరే. మధ్యరేఖ దగ్గర మంచు లోతుగా ఉంటుంది, ధ్రువాల వైపు ఒక మీటరు లోపే దొరుకుతుందని డాన్ కొలతలు చెప్పాయి. అక్షం వాలు 4 డిగ్రీలే కాబట్టి ధ్రువాల దగ్గర ఎండ తగలని బిలాలూ ఉన్నాయి. ఊరు అక్కడ పెట్టండి. మధ్యరేఖ దగ్గర రేవు పెట్టండి.

నీటికన్నా ముఖ్యమైనది నైట్రోజన్, దీన్ని కథలు రాసేవాళ్ళు మర్చిపోతారు. సాధారణ పీడనం దగ్గర ఘనమీటరు గాలిలో 0.9 కిలోల నైట్రోజన్ ఉంటుంది. వెస్టా బసాల్టు రాయి, అందులో నైట్రోజన్ దాదాపు సున్నా. సెరెస్ ఉపరితలపు బంకమన్నులో అమ్మోనియా ఉంది. ఆక్కేటర్ బిలంలో మెరిసే తెల్లటి మచ్చ సోడియం కార్బొనేట్, దానితో అమ్మోనియం లవణాలూ ఉన్నాయి. మన్ను కాల్చి అమ్మోనియా తీసి, విడగొట్టి నైట్రోజన్, హైడ్రోజన్ అమ్ముకోవచ్చు. వెస్టా వాళ్ళ కొత్త గుమ్మటానికి గాలి కావాలంటే సెరెస్ వైపు చూడాల్సిందే, 17 ఏళ్ళ కిటికీతో. రాజకీయం ఇక్కడే పుడుతుంది.

తవ్వేటప్పుడు ఇబ్బంది: మంచు, ఉప్పు, బంక కలిసి కాంక్రీటులా గట్టిగా ఉంటాయి. శూన్యంలో డ్రిల్లు వేడికి మంచు నేరుగా ఆవిరై తవ్విన పొడిని ఎగరగొడుతుంది. రంధ్రం చుట్టూ మూత బిగించి, ఆవిరిని చల్లటి పలకల మీద పట్టుకుని, ఆ తర్వాతే కరిగించాలి. ఉప్పులు తీసెయ్యకుండా ఎలక్ట్రాలిసిస్‌కు పంపితే ఎలక్ట్రోడ్లు పాడవుతాయి, క్లోరైడ్ ఉంటే క్లోరిన్ కూడా వస్తుంది.

#25 రాతిగుండు
సైకీ మొత్తం ఇనుప ముద్ద అని రాయకండి. సాంద్రత 4 గ్రా./ఘ.సెం.మీ. దగ్గర ఉంది, గట్టి ఇనుముకు 7.9 ఉండాలి. రాయి, లోహం కలగలుపు కావచ్చు, సందులూ ఉండొచ్చు. 2023లో వెళ్ళిన నౌక 2029లో చేరితే తెలుస్తుంది. అప్పటిదాకా సీరియల్‌లో సైకీని దూరం నుంచే చూపించడం క్షేమం.

#26 దారితప్పిన_ఉల్క
నివాసాల సంగతి: గ్రహశకలం లోపల తొలిచి, దాన్నే గిర్రున తిప్పితే లోపలి గోడల మీద బరువు వస్తుంది కదా? అదే పెట్టాను. రెండు కి.మీ. రాయి.

#27 గుండ్రటిఇల్లు
రాయి విడిపోతుంది. 200 మీటర్లు దాటిన గ్రహశకలాల్లో 2.2 గంటలకన్నా వేగంగా తిరిగేవి దాదాపు కనపడవు, ఎందుకంటే చాలావరకు అవి రాళ్ళ కుప్పలు, బలహీనమైన ఆకర్షణతో అంటిపెట్టుకున్నవి. 2020లో నాసా నౌక ఒసిరిస్-రెక్స్ చెయ్యి బెన్నూ అనే గ్రహశకలాన్ని తాకితే నేల అడ్డుపడలేదు, చెయ్యి లోపలికి దిగిపోయింది. మీ రెండు కి.మీ. రాయి పూర్తి బరువు ఇవ్వాలంటే నిమిషానికి ఒక చుట్టు తిరగాలి.

తిరిగేది ఉక్కు రింగు, తిరగనిది రాయి. అలా విడదియ్యండి.

కొలతలు: నిమిషానికి 2 చుట్లు, వ్యాసార్ధం 224 మీటర్లు అయితే అంచు దగ్గర భూమి మీద ఉన్నంత బరువు, అంచు వేగం సెకనుకు 47 మీటర్లు. అంగారకుడంత బరువు చాలనుకుంటే 85 మీటర్లు. 4 చుట్లకు పోతే 56 మీటర్లతో సరిపోతుంది కానీ తల తిప్పిన ప్రతిసారీ కొత్తవాళ్ళు కక్కుకుంటారు. నిమిషానికి ఒక్క చుట్టుతో హాయిగా ఉండాలంటే 895 మీటర్లు. 1975లో స్టాన్‌ఫర్డ్‌లో నాసా వేసవి అధ్యయనం పదివేల మందికి గీసిన రింగు దాదాపు ఇంతే.

రేడియేషన్ కవచం చదరపు మీటరుకు 4.5 టన్నులని అదే అధ్యయనం లెక్క. మంచుతో కడితే 5 మీటర్ల మందం. దాన్ని 224 మీటర్ల రింగుతో పాటు తిప్పితే ఆ బరువును మోయడానికే అదనంగా 5 సెం.మీ. మందం ఉక్కు కావాలి. కవచాన్ని కదలకుండా ఉంచి, మధ్యలో కొన్ని మీటర్ల ఖాళీ వదిలి, లోపల రింగు తిప్పండి. సెరెస్ మీదైతే మంచు గుహే కవచం. అక్కడి ఆకర్షణ భూమిలో 3 శాతం లోపే కాబట్టి రింగు నేల ఒకటిన్నర డిగ్రీల పైచిలుకు వాలు పెట్టి కడితే సరి.

#28 తోకచుక్క
ఇది బాగుంది. ఏం పాడవుతుంది? నాకు ప్రమాదం కావాలి.

#29 గుండ్రటిఇల్లు
కావలసినన్ని. మొదటిది అసమతుల్యం. పండగ రోజు జనమంతా రింగులో ఒక పక్క చేరితే రింగు కేంద్రం జరుగుతుంది, బేరింగులు అరుస్తాయి. అందుకే నేల కింద చుట్టూ నీటి ట్యాంకులు, పంపులు. భారం ఎటు పెరిగితే దానికి ఎదురు వైపు ట్యాంకులోకి నీరు పోతుంది. పంపులు ఆగితే జనాన్ని కదలొద్దని చెప్పి రింగును నిదానం చెయ్యాలి, హఠాత్తుగా ఆపకూడదు.

రెండోది గుహ వేడెక్కడం. మనుషులు, దీపాలు, యంత్రాలు వదిలే వేడి మంచు గోడలకు చేరితే పునాది కరుగుతుంది. గోడకు ఇన్సులేషన్ పెట్టాలి, వేడిని పైపుల్లో పైకి పంపాలి. 300 కెల్విన్ దగ్గర రేడియేటర్ రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 800 వాట్లు వదులుతుంది. ఒక మెగావాటు ఊరికి 1,200 చదరపు మీటర్లు. అదే మెగావాటు సౌర పలకల నుంచి రావాలంటే 30 శాతం సామర్థ్యంతో 19,000 చదరపు మీటర్లు. రాత్రి కూడా కావాలంటే ఇంకో రెట్టింపు, పైన నిల్వ బ్యాటరీలు. సెరెస్ రోజు 9 గంటల 4 నిమిషాలే కాబట్టి రాత్రి నాలుగున్నర గంటలు, బ్యాటరీకి ఊరట.

గాలి కారడం మూడోది. అది అందరూ రాసేదే, వదిలెయ్యండి.

#30 ఇంధనపుచింత
సెరెస్ రేవు గురించి ఒక మాట. పలాయన వేగం సెకనుకు 510 మీటర్లు. మధ్యరేఖ దగ్గర భ్రమణమే 90 మీటర్లు ఇస్తుంది. పట్టాల మీద విద్యుదయస్కాంత విసురుడు యంత్రం పెడితే ఇంధనం లేకుండా మంచు దిమ్మలు పైకి పోతాయి. 3 జీ (భూమ్యాకర్షణకు మూడింతల) త్వరణంతో 3 కి.మీ. పట్టా చాలు.

ఇంకా అందమైనది ఎలివేటర్, అంటే నేల నుంచి ఆకాశంలోకి కట్టే తాడు. సెరెస్‌తో సమానంగా తిరిగే కక్ష్య నేల నుంచి 720 కి.మీ. ఎత్తులోనే ఉంది. కెవ్లార్ లాంటి మామూలు పీచే సరిపోతుంది, భూమి మీదలా కొత్త పదార్థం కనిపెట్టక్కర్లేదు. తాడు పై కొస దగ్గర వదిలితే ఉచితంగా వేగం కూడా వస్తుంది.

#31 వార్తాహరుడు
కబుర్లు. కాంతికి ఏయూకు 8.3 నిమిషాలు. సెరెస్, వెస్టా దగ్గరగా ఉన్నప్పుడు మూడున్నర నిమిషాలు, సూర్యుడికి చెరో పక్కన ఉన్నప్పుడు 43. ఫోన్ సంభాషణ ఎప్పుడూ కుదరదు, ఉత్తరాలే. సూర్యుడు సరిగ్గా అడ్డొచ్చినప్పుడు రేడియో రొదలో కొట్టుకుపోతుంది కాబట్టి పక్కకున్న మూడో ఊరి మీదుగా తిప్పాలి. అలా తిప్పే ఊరికి రుసుము, పలుకుబడి రెండూ వస్తాయి. కొరోనిస్ ఊళ్ళు చుట్టూ చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి ఆ వ్యాపారం వాళ్ళదే. ఓట్లు లెక్కపెట్టడానికి కనీసం గంట గడువు పెట్టండి, లేకపోతే దూరపు ఊరి ఓటు చేరకముందే ఫలితం వస్తుంది.

#32 గ్రీకుశిబిరం
ట్రోజన్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

#33 పాలపుంత77
మీ పోస్టు ఇప్పుడే చేరింది, 43 నిమిషాలు పట్టింది.

#34 దారితప్పిన_ఉల్క
#19 ప్రకారం కొత్త మ్యాపు గీస్తున్నా. నాలుగు రాష్ట్రాలు ఖాయం. పల్లాస్‌ను ప్రవాస శిక్ష వేసేచోటుగా మారుస్తున్నా, వెనక్కి రావడానికి 11 కి.మీ./సె. కావాలంటే కాపలా అక్కర్లేదు. థెమిస్, హైజియా దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒకే పెద్ద చుక్క వేసెయ్యనా?

#35 మ్యాపులపిచ్చి
వద్దు. దూరం 3.13, 3.14 అని దగ్గరే కానీ వాలు వేరు: థెమిస్‌ది ఒక డిగ్రీ లోపే, హైజియాది 3.8. పైగా థెమిస్ ఉపరితలం మీద మంచు జాడ టెలిస్కోపులకే దొరికింది. హైజియా 430 కి.మీ. పెద్ద గోళం. ఒకరికి నీళ్ళు సులువు, ఇంకొకరికి పరిమాణం. విడివిడిగానే వెయ్యండి, తగువు పెట్టుకోనివ్వండి.

#36 చుక్కలలెక్క
తేదీల పట్టిక వేసేటప్పుడు వృత్తాకార లెక్కతో ఆగకండి. సెరెస్ కోలతనం 0.08, వెస్టా 0.09, పల్లాస్ 0.23. ఏ ఏడాది కిటికీ అన్నదాన్ని బట్టి ఖర్చు మారుతుంది. కథలో "ఈసారి చవక కిటికీ, వచ్చేసారి ఖరీదు" అని పెట్టుకుంటే వ్యాపారులు ఎందుకు కొట్టుకుంటున్నారో వేరే చెప్పక్కర్లేదు.